రెండు మూడు కంప్యూటర్లకు ఒకే స్పీకర్ సెట్టు కలిపే పద్ధతి

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోలో, డీటీపీ షాపులో, మీసేవ సెంటర్‌లో కంప్యూటర్లు రెండో మూడో ఉంటాయి. పనికొచ్చే 2.1 స్పీకర్ సెట్టు (రెండు చిన్న స్పీకర్లు, ఒక వూఫర్ డబ్బా) మాత్రం ఒక్కటే ఉంటుంది. దాంతో పొద్దంతా పిన్ను ఒకదాంట్లోంచి పీకి ఇంకోదాంట్లో గుచ్చుడే పని. కొన్నాళ్లకు మదర్‌బోర్డు వెనకున్న ఆకుపచ్చ సాకెట్‌లో రేకు వదులైపోయి, ఒక పక్క స్పీకర్ వస్తూ పోతూ ఉంటుంది. పిన్నును వేలితో ఒక మూలకు అదిమి పట్టుకుంటే తప్ప రెండో పక్క పలకదు. ఈ అవస్థ ఎవరికీ అక్కర్లేదు. నాలుగు రెసిస్టర్లు, మూడు సాకెట్లు, ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటే గంటలో తేలిపోయే పని ఇది.

అసలు కష్టం కలపడంలో లేదు, కలిపిన తర్వాత వచ్చే గుయ్యిమనే మోతలో ఉంది. మన నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లలో, షాపుల్లో ఆ మోతకు కారణం చాలాసార్లు స్పీకరూ కాదు, కంప్యూటరూ కాదు, ఎర్తింగ్. అందుకే కింద ఆ సంగతికే ఎక్కువ చోటిచ్చాం.

ముందు ఒకటి తేల్చుకోండి

ఒకసారికి ఒక్క కంప్యూటర్ వినబడితే చాలా, లేక అన్నీ ఎప్పుడూ వినబడుతూనే ఉండాలా? ఒక్కటి చాలనుకుంటే సెలెక్టర్ స్విచ్ పెట్టుకోండి. ఒక మిషన్ మీద ఎడిటింగ్ చేస్తుండగా రెండోదాంట్లో రెండరింగ్ అయిపోయిన బెల్ కూడా వినబడాలంటే రెసిస్టర్ల డబ్బా కావాలి. సౌండ్ జాగ్రత్తగా విని లెవెల్స్ సరిచేసే పనికి స్విచ్చే మేలు. అందులో శబ్దం తగ్గదు, పక్క మిషన్ నోటిఫికేషన్ నడుమన దూరదు.

ఏది చేసినా కలపాల్సింది ఆంప్లిఫయర్‌కు ముందే, అంటే కంప్యూటర్ ఆకుపచ్చ సాకెట్‌కూ స్పీకర్ సెట్టు ఇన్‌పుట్‌కూ మధ్యలోనే. వూఫర్ డబ్బా వెనక నుంచి చిన్న స్పీకర్లకు పోయే వైర్ల జోలికి వెళ్లొద్దు. అక్కడ పారేది ఆంప్లిఫయర్ పవర్. రెండు సెట్ల వైర్లను అక్కడ ముడివేస్తే ఆంప్లిఫయర్ ఐసీ (చిప్) కాలిపోతుంది.

వై కేబుల్‌ను తిరగేసి వాడొద్దు

షాపులో అడగ్గానే ఇచ్చేది స్ప్లిటర్, అంటే ఒక మగ పిన్ను, రెండు ఆడ సాకెట్లు ఉన్న చిన్న వైరు. ఒక ఫోన్ పాటను ఇద్దరు రెండు హెడ్‌ఫోన్లలో వినడానికి చేసింది అది. దాన్నే తిరగేసి రెండు కంప్యూటర్లను ఒక స్పీకర్‌కు తగిలిస్తే పైకి పనిచేసినట్టే కనబడుతుంది, పాట వస్తుంది. లోపల జరిగేది వేరు. లైన్ అవుట్ (అదే ఆకుపచ్చ సాకెట్) అనేది వోల్టేజిని తన చేతిలో ఉంచుకునే సర్క్యూట్. ఒక మిషన్ ఆ క్షణంలో 1 వోల్టు ఇస్తుంటే, పాట ఆగి ఉన్న రెండో మిషన్ అదే తీగను సున్నా దగ్గర పట్టి ఉంచాలని చూస్తుంది. ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దులు చెరో దిక్కు లాగినట్టు, ఆ కరెంటు స్పీకర్‌కు పోకుండా ఒక చిప్‌లోంచి ఇంకో చిప్‌లోకి పోతుంది. ఔట్‌పుట్‌లో వంద ఓమ్‌ల దాకా రెసిస్టెన్స్ ఉన్న బోర్డులు ఎలాగో తట్టుకుంటాయి. హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ ఉన్న బోర్డుల్లో అది కొద్ది ఓమ్‌లే కాబట్టి చిప్ తన శక్తికి మించి కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. శబ్దం సగానికి పడిపోవడం, పెద్ద సౌండ్ దగ్గర పగిలినట్టు రావడం, బేస్ చప్పబడటం దీని లక్షణాలే. చిప్ వెంటనే చావదు కాబట్టే ఇది బాగానే ఉందనుకుని జనం ఏళ్లకేళ్లు వాడుతుంటారు.

దీనికి మందు, ప్రతి మిషన్ నుంచి వచ్చే ప్రతి ఛానెల్ తీగలో ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టడం. అప్పుడు ఒక మిషన్ 1 వోల్టు ఇచ్చినా పక్క మిషన్‌లోకి పోయేది అర మిల్లీ ఆంపియరే. ఏ చిప్పుకైనా అది లెక్కలోకి రాదు.

రెసిస్టర్ల డబ్బా

రెండు కంప్యూటర్లకైతే కావలసినవి ఇవి: 1 కిలో ఓమ్ పావు వాట్ రెసిస్టర్లు 4, డబ్బాకు బిగించే 3.5 మిల్లీమీటర్ల స్టీరియో సాకెట్లు 3, చిన్న ప్లాస్టిక్ డబ్బా, రెండు వైపులా మగ పిన్నులున్న ఆక్స్ కేబుళ్లు 2, జానెడు సన్న వైరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లెడ్ (అతికించే సోల్డర్ తీగ), మల్టీమీటర్. మూడు కంప్యూటర్లయితే రెసిస్టర్లు 6, సాకెట్లు 4. నాలుగైతే రెసిస్టర్లు 8, సాకెట్లు 5. రెసిస్టర్ మీద గోధుమ, నలుపు, ఎరుపు గీతలుండి, చివర బంగారు గీత ఉంటే అది 1 కిలో ఓమ్. నీలం రంగు మెటల్ ఫిల్మ్ రకంలో అయిదు గీతలుంటాయి: గోధుమ, నలుపు, నలుపు, గోధుమ, ఆ తర్వాత మళ్లీ గోధుమ. ఊళ్లోని టీవీ మెకానిక్ దగ్గరే ఇవి దొరుకుతాయి. సాకెట్లు, రోటరీ స్విచ్‌లు దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోవాలి. నల్లగొండ బస్సు దిగినా, మహబూబ్‌నగర్ బస్సు దిగినా ఇమ్లీబన్ నుంచి అది దగ్గరే.

స్టీరియో పిన్నులో కొస ఎడమ ఛానెల్, మధ్య రింగు కుడి ఛానెల్, అడుగు భాగం గ్రౌండ్. సాకెట్‌కు అయిదు కాళ్లుంటే రెండు అదనపు కాళ్లు స్విచ్‌వి, వాటిని వదిలేయండి. ఏ కాలు ఏదో కంటితో ఊహించొద్దు. ఆక్స్ కేబుల్ ఒక చివర సాకెట్‌లో గుచ్చి, రెండో చివర పిన్ను కొసకు మల్టీమీటర్ ఆనించి, బీప్ వచ్చే కాలు మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. అదనపు కాళ్లకు కనెక్షన్ ఇస్తే పిన్ను గుచ్చగానే తెగిపోతుంది. డబ్బా చేశాక అసలేమీ పలకలేదంటే ఎక్కువసార్లు తప్పు ఇక్కడే.

మూడు సాకెట్ల గ్రౌండ్ కాళ్లను ఒకే వైరుతో కలపండి. మొదటి ఇన్‌పుట్ ఎడమ కాలి నుంచి ఒక రెసిస్టర్, రెండో ఇన్‌పుట్ ఎడమ కాలి నుంచి ఒక రెసిస్టర్ తెచ్చి, ఆ రెంటి చివరలను ఔట్‌పుట్ సాకెట్ ఎడమ కాలి దగ్గర కలిపి సోల్డర్ చేయండి. కుడి వైపు కూడా అంతే. రెసిస్టర్ కాళ్లకు స్లీవ్ తొడగండి. డబ్బా కింద పడ్డప్పుడు ఒకదానికొకటి తగిలితే స్టీరియో కాస్తా మోనో అయిపోతుంది.

స్పీకర్ గుచ్చకముందే మల్టీమీటర్‌తో చూడాలి. ఇన్‌పుట్ ఎడమ నుంచి ఔట్‌పుట్ ఎడమకు 1 కిలో ఓమ్ చూపాలి. ఒక ఇన్‌పుట్ ఎడమ నుంచి రెండో ఇన్‌పుట్ ఎడమకు 2 కిలో ఓమ్‌లు చూపాలి. ఎడమకూ కుడికీ మధ్య, ఎడమకూ గ్రౌండ్‌కూ మధ్య అసలేమీ చూపకూడదు. ఎడమ కుడుల మధ్య 2 కిలో ఓమ్‌లు వస్తే ఎక్కడో రెసిస్టర్ ఎదుటి ఛానెల్‌కు తగిలిందన్నమాట.

1 కిలోయే ఎందుకంటే, 470 ఓమ్‌ల నుంచి 2.2 కిలో ఓమ్‌ల దాకా ఏదైనా నడుస్తుంది గానీ 10 కిలో వేస్తే రెండు నష్టాలు. స్పీకర్ సెట్టు ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లే అయితే శబ్దం సగానికి బదులు మూడో వంతుకు పడిపోతుంది. డబ్బా నుంచి స్పీకర్‌కు పోయే కేబుల్ పొడుగైతే పై స్వరాలు, తాళాల చప్పుడు మసకబారతాయి. అందుకే డబ్బాను స్పీకర్ దగ్గరే పెట్టి, పొడుగు కేబుళ్లను కంప్యూటర్ల వైపు ఉంచండి. షీల్డ్ ఉన్న మంచి కేబుల్ అయితే అటువైపు 10 మీటర్లున్నా నష్టం లేదు.

డబ్బా పెట్టాక శబ్దం తగ్గుతుంది. రెండు మిషన్లకు సగం, మూడింటికి మూడో వంతు, నాలుగింటికి నాలుగో వంతు మిగులుతుంది. అది లోపం కాదు, స్పీకర్ నాబ్ కాస్త ఎక్కువ తిప్పితే సరి. ఒక మిషన్ పిన్ను పీకితే మిగతావాటి శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి పీకే ముందు నాబ్ తగ్గించండి. కంప్యూటర్లో వాల్యూమ్ 80 దగ్గర ఉంచి, ఎక్కువ తక్కువలు స్పీకర్ నాబ్‌తోనే చేసుకోండి. కంప్యూటర్లో 10 పెట్టి స్పీకర్‌ను నిండుగా తిప్పితే పాట కంటే బరబర ఎక్కువ వినిపిస్తుంది.

ఇంకో చిక్కుంది. పవర్ తీసేసిన కంప్యూటర్ కూడా డబ్బాకు తగిలే ఉంటుంది. కొన్ని బోర్డుల్లో పవర్ లేనప్పుడు ఔట్‌పుట్ చిప్‌లోని రక్షణ డయోడ్లు సిగ్నల్‌ను కోస్తాయి. ఒక మిషన్ ఆఫ్ చేస్తే రెండోదాని పాట పెద్ద సౌండ్‌లో పగిలినట్టు వస్తుందంటే ఇదే కారణం. అలాంటి మిషన్ ఉంటే ఆఫ్ చేసినప్పుడు దాని పిన్ను పీకండి, లేదా డబ్బా వదిలేసి స్విచ్‌కు మారండి.

స్విచ్ పద్ధతి

రెండు మిషన్లకు ఆరు కాళ్ల టాగుల్ స్విచ్ చాలు. కాళ్లు మూడు వరసల్లో రెండేసి ఉంటాయి. మధ్య వరస రెండూ స్పీకర్ ఎడమ, కుడి. ఒక చివరి వరస మొదటి మిషన్‌ది, ఇంకో చివరి వరస రెండో మిషన్‌ది. గ్రౌండ్‌లన్నీ ఒకటిగా కలపాలి. మూడు నుంచి ఆరు మిషన్ల దాకా 2 పోల్ 6 వే రోటరీ స్విచ్ (రెండు తీగలను ఒకేసారి ఆరు చోట్లలో ఒకదానికి మార్చే, తిప్పే స్విచ్) తీసుకోండి. తిప్పేటప్పుడు పక్క కాలికి తగలకముందే పాత కాలిని వదిలే రకం అయి ఉండాలి, లేకపోతే తిప్పిన ప్రతిసారీ క్షణకాలం రెండు మిషన్లు ముడిపడతాయి. రెడీమేడ్ ఆడియో సెలెక్టర్ డబ్బాలు కూడా ఇదే పని చేస్తాయి. వాటికి పవర్ అక్కర్లేదు.

మూడు మిషన్లుండి హమ్మింగ్ (గుయ్యిమనే మోత) బాధ కూడా ఉంటే 4 పోల్ 3 వే రోటరీ కొనండి. మూడో పోల్‌తో గ్రౌండ్‌ను కూడా మార్చేయొచ్చు. వాడని మిషన్ పూర్తిగా తెగిపోతుంది, దాని మోత కూడా పోతుంది. కాకపోతే తిప్పేటప్పుడు గ్రౌండ్ తెగిన క్షణాన స్పీకర్ గట్టిగా ఢబ్బుమంటుంది. నాబ్ తగ్గించి తిప్పడం అలవాటు చేసుకోవాలి.

మోత ఎక్కడి నుంచి వస్తోంది

ముందు స్పీకర్ సెట్టుకు ఏ ఇన్‌పుట్టూ లేకుండా కేబుల్‌ను స్పీకర్ దగ్గరే పీకి వినండి. అప్పుడూ గుయ్యిమంటే లోపం స్పీకర్ సెట్టు పవర్ సప్లైలోనే ఉంది, ఎక్కువగా పాతబడిన ఫిల్టర్ కెపాసిటర్. మోత లేకపోతే ఒక మిషన్ మాత్రమే కలపండి. నిశ్శబ్దంగా ఉండి, రెండో మిషన్ కలపగానే మోత మొదలైతే అది గ్రౌండ్ లూప్. మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటే కథ వేరు. కేబినెట్ ముందున్న సాకెట్ వాడుతున్నారు, దాని వైరు లోపల మదర్‌బోర్డు మీదుగా పోతూ ఆ చప్పుడును పట్టుకుంటోంది. వెనక ఆకుపచ్చ సాకెట్‌కు మార్చండి.

గ్రౌండ్ లూప్ అంటే, రెండు కేబినెట్లు గోడలోని ఎర్త్ వైరు ద్వారా ఒకసారి, ఆక్స్ కేబుల్ షీల్డ్ ద్వారా ఇంకోసారి కలవడం. వేర్వేరు గోడల్లోని సాకెట్ల ఎర్త్ మధ్య పది మిల్లీవోల్టుల తేడా ఉన్నా ఆ 50 హెర్ట్జ్ మోత స్పీకర్‌లో స్పష్టంగా వినబడుతుంది. అన్ని కంప్యూటర్లను, మానిటర్లను, స్పీకర్‌ను ఒకే గోడ సాకెట్ నుంచి వచ్చే ఒక మంచి మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెస్తే ఎక్కువసార్లు మోత అక్కడికక్కడే తగ్గిపోతుంది. మూడు కంప్యూటర్లు, మానిటర్లు కలిపినా లోడు ఎక్కువేమీ కాదు. అదే బోర్డుకు ఐరన్ బాక్సు, హీటరు మాత్రం తగిలించొద్దు.

అసలు ఎర్తే లేకపోతే పరిస్థితి ఇంకా చెడ్డది. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (లోపలి పవర్ సప్లై డబ్బాలో) ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ నుంచి బాడీకి కలిపిన చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్త్ ఉంటే అవి వదిలే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ దాదాపు సగం వోల్టేజి, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. వట్టి కాళ్లతో నిలబడి కేబినెట్ స్క్రూ ముట్టుకుంటే వేళ్లు జుమ్మనడం దానివల్లే. ఆ మిషన్‌ను స్పీకర్ డబ్బాకు కలిపారంటే ఆ కరెంటు ఆక్స్ కేబుల్ గుండా పక్క మిషన్‌లోకి దారి చూసుకుంటుంది. పిన్ను గుచ్చేటప్పుడు మొదట తగిలేది సిగ్నల్ ఉండే కొసే. ఉన్నట్టుండి ఆకుపచ్చ పోర్టు చచ్చిపోవడానికి ఇదొక కారణం. కాబట్టి కేబుళ్లు కలిపేటప్పుడు అన్ని మిషన్లూ షట్‌డౌన్ చేసి, ప్లగ్గులు కూడా తీసేయండి.

ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో టెస్ట్ ల్యాంప్ పెట్టించి చూడండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు నిండుగా వెలగాలి. మసగ్గా వెలిగితే ఎర్త్ బలహీనం. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో బల్బు పెట్టగానే అది ట్రిప్ అవుతుంది, అదీ ఎర్త్ ఉందనడానికి గుర్తే. డిజిటల్ మల్టీమీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు, ఎక్కడా కలవని ఎర్త్ వైరు మీద కూడా అది వోల్టేజి చూపిస్తుంది.

మన దగ్గర ఎక్కువగా చెలక నేలలు, కొద్ది అడుగుల కిందే రాయి. వానాకాలం బాగున్న ఎర్త్ గుంత ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండిపోయి పేరుకే మిగులుతుంది. ఎండాకాలంలోనే స్పీకర్ ఎక్కువ మోగుతోందంటే ముందుగా గుంత దగ్గరికే వెళ్లండి. పైపు మీద గరాటు ఉంటే అందులో, లేకపోతే చుట్టూ రోజూ నీళ్లు పోయండి. పైపుకు బిగించిన వైరు బోల్టు తుప్పు పట్టిందేమో చూడండి. కొత్తగా వేయించేటప్పుడు ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా నింపిస్తారు. ఎర్తింగ్ కోసం ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ప్రకారం పైపు కనీసం 2.5 మీటర్ల లోతుకు దిగాలి. రాయి తగిలితే పైపును అక్కడే కోసేయకుండా వంపుగా దించొచ్చు, ఆ వంపు నిలువు గీతకు 30 డిగ్రీలు దాటకూడదు.

రెండు పనులు ఎవరు చెప్పినా చేయొద్దు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్మింగ్ పోతుందని చెప్తారు. పోవచ్చు కూడా, దాంతో పాటే మీ రక్షణా పోతుంది. సాకెట్ లోపల ఎర్త్‌ను న్యూట్రల్‌కు ముడివేయడం ఇంకా ప్రమాదం. స్తంభం మీదో మీటరు దగ్గరో న్యూట్రల్ తెగితే మీ కేబినెట్ల మీదికి, స్పీకర్ పిన్నుల మీదికి 230 వోల్టులూ వచ్చేస్తాయి.

ఎర్త్ సరిగా ఉండి, ఒకే బోర్డు మీద పెట్టినా మోత మిగిలితే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ కొనండి. రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లున్న డబ్బా అది, 3.5 మిల్లీమీటర్ల పిన్నులతోనే వస్తుంది. స్పీకర్ ప్లగ్గు రెండు పిన్నులదైతే రెండు కంప్యూటర్లకు ఒక ఐసోలేటర్, మూడింటికి రెండు చాలు. దాన్ని కంప్యూటర్‌కూ రెసిస్టర్ డబ్బాకూ మధ్య పెట్టాలి. చవక రకాల్లో బేస్ తగ్గుతుంది కాబట్టి సౌండ్ జాగ్రత్తగా వినే మిషన్‌కు కాకుండా పక్క మిషన్‌కు పెట్టండి.

పవర్ కోసం యూఎస్‌బీ, పాట కోసం ఆక్స్ పిన్ను ఉండే చిన్న స్పీకర్లు వాడితే యూఎస్‌బీ పిన్నును కంప్యూటర్లకు గుచ్చకుండా 5 వోల్టుల మొబైల్ చార్జర్‌కు పెట్టండి. ఒక మిషన్ నుంచి పవర్, ఇంకో మిషన్ నుంచి పాట వస్తే అదీ గ్రౌండ్ లూపే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడు మాత్రమే బర్రుమంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ వల్ల, మీ డబ్బాలో తప్పు లేదు.

సోల్డరింగ్ లేకుండా

రెండు మిషన్లలో ఒకటి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే రెండోదాని ఆకుపచ్చ సాకెట్ నుంచి దీని నీలం సాకెట్‌కు ఆక్స్ కేబుల్ వేయండి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ ట్యాబ్‌లో లైన్ ఇన్ ప్రాపర్టీస్ తెరిచి, లిజన్ ట్యాబ్‌లో లిజన్ టు దిస్ డివైస్ అన్న దగ్గర టిక్ పెట్టండి. శబ్దం కొద్దిగా ఆలస్యంగా వస్తుంది కాబట్టి వీడియో పనికి ఇది పనికిరాదు. గులాబీ రంగు మైక్ సాకెట్‌లో మాత్రం పెట్టొద్దు, దానికి సిగ్నల్‌ను ఎన్నో రెట్లు పెంచే గుణం ఉంది, పాట చితికిపోతుంది.

రెండు మిషన్లూ ఒకే మానిటర్‌కు హెచ్‌డీఎంఐ కేబుళ్లతో తగిలి, మానిటర్‌కు హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే అసలు ఏ డబ్బా అక్కర్లేదు. స్పీకర్‌ను మానిటర్‌కే పెట్టండి. మానిటర్ ఇన్‌పుట్ మార్చగానే శబ్దం కూడా మారుతుంది. మిక్సర్ కొనాలనుకునేవాళ్లు స్టీరియోనా మోనోనా అని అడిగి కొనండి, చవకగా వచ్చే నాలుగు ఛానెళ్ల బుల్లి మిక్సర్లలో చాలావరకు మోనోవే.

కాలేజీ ల్యాబ్‌లాగా పది ఇరవై మిషన్లుంటే ఆడియో తీగలు లాగకుండా ల్యాన్ (కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్) మీదే పంపండి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో ఆడియోకు సెకనుకు 1.5 మెగాబిట్లే కావాలి. ఉబుంటులో పల్స్ ఆడియో ప్రిఫరెన్సెస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. స్పీకర్ తగిలించిన మిషన్‌లో దాని నెట్‌వర్క్ సర్వర్ ట్యాబ్‌లో అనుమతి ఇవ్వాలి, ఫైర్‌వాల్‌లో 4713 పోర్టు తెరవాలి. విండోస్‌కు స్క్రీమ్ అనే ఉచిత వర్చువల్ సౌండ్ కార్డు ఉంది, అది 4010 పోర్టు మీద మల్టీకాస్ట్‌గా (వినే మిషన్లన్నిటికీ ఒకేసారి) పంపుతుంది. వైఫై మీద మల్టీకాస్ట్ తెగి తెగి వస్తుంది కాబట్టి పంపే మిషన్లు, వినిపించే మిషన్ అన్నీ నెట్‌వర్క్ స్విచ్‌కు వైరుతోనే కలిపి ఉండాలి. ఎలా కలిపినా చివరగా ప్రతి మిషన్‌లో సౌండ్ స్కీమ్‌ను నో సౌండ్స్‌కు మార్చేయండి. లేకపోతే ఏ మూల మిషన్‌లో ఎర్రర్ వచ్చినా అందరూ వినాల్సి వస్తుంది.